చైనీస్ మాట్లాడేవాళ్ళకు 'గెట్' నేర్పాలంటే అర్థాల జాబితా ఇవ్వకండి

మీ ప్రశ్న ఇదీ కదండీ: విజయవాడ నుంచి ఆన్‌లైన్‌లో చైనాలోని ఆఫీసు ఉద్యోగులకు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తున్నారు, 'గెట్'కి ఎన్ని అర్థాలని వాళ్ళు అడిగితే డిక్షనరీ చూసి పెద్ద జాబితా రాసిచ్చారు, వాళ్ళు దాన్ని బట్టీ పట్టేశారు కూడా. అయినా మాట్లాడేటప్పుడు గెట్ నోట్లోంచి రావడం లేదు, అన్నిటికీ 'బికమ్', 'అబ్‌టెయిన్', 'అరైవ్' అంటున్నారు. ఏం చేయాలి, 'గాట్', 'గాటెన్'లలో ఏది చెప్పాలి అని అడిగారు. నేను చైనాలోని షెన్‌జెన్‌లోనూ తర్వాత సింగపూర్‌లోనూ చాలా ఏళ్ళు ఇదే పని చేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. చైనీస్ మాటల్ని తెలుగులో వీలైనంత దగ్గరగా రాస్తున్నాను, టోన్లు (చైనీస్‌లో అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు) చూపించడం లేదు, అవి మీ విద్యార్థులనే పలకమని అడగండి, వాళ్ళకు కూడా సరదాగా ఉంటుంది.

ముందు జాబితా ఎందుకు పనిచేయలేదో చూద్దాం. చైనాలో 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీష్ మొదలుపెడుతున్నారు, కాలేజీలో 1987 నుంచి కాలేజ్ ఇంగ్లీష్ టెస్ట్ అనే పరీక్ష ఉంది. వీటన్నిటికీ వాళ్ళు చదివే పద్ధతి ఒకటే, ఒక ఇంగ్లీష్ మాట, దానికి ఎదురుగా ఒక చైనీస్ మాట. గెట్‌కి ఎదురుగా 'దదావ్' అని ఉంటుంది, అంటే పొందడం. అబ్‌టెయిన్‌కీ, అక్వైర్‌కీ, గెయిన్‌కీ ఎదురుగా ఉండేది కూడా చాలావరకు అలాంటి మాటే. అందుకే వాళ్ళ దృష్టిలో ఇవన్నీ ఒకే వస్తువుకు నాలుగు పేర్లు, పైగా అబ్‌టెయిన్ అంటే చదువుకున్నవాడి మాటలా వినిపిస్తుంది, 'ఐ అబ్‌టెయిన్డ్ ఎ కాఫీ' అనేస్తారు. ఇది పైపైన కనిపించే చిక్కు. అసలు చిక్కు ఏమిటంటే, ఇంగ్లీష్‌లో గెట్ చేసే పనుల్లో చాలావాటికి చైనీస్‌లో అసలు ప్రత్యేకమైన క్రియే ఉండదు. వాక్యం చివర ఒక చిన్న ముక్కో, క్రియకు అతికించే ఇంకో ముక్కో, ముందు పెట్టే ఒక మాటో ఆ పని చేసేస్తుంది. మీ విద్యార్థి మాట్లాడేటప్పుడు తన బుర్రలో క్రియ కోసం వెతుకుతాడు, అక్కడ అది దొరకదు, దొరకనప్పుడు గెట్ ఎలా గుర్తొస్తుంది చెప్పండి? అందుకని గెట్‌ని చైనీస్ క్రియలతో జత చేయడం మానేసి, ఆ చిన్న ముక్కలతో జత చేసి చూపించాలి. ఏ ముక్కతో జత చేయాలన్నది గెట్ తర్వాత ఏం వస్తోందో చూస్తే తెలిసిపోతుంది.

గెట్ తర్వాత విశేషణం వచ్చే వాక్యాలతో మొదలుపెట్టండి, వాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చీకటి పడింది అనడానికి చైనీస్‌లో 'థియెన్ హేయ్ ల' అంటారు. థియెన్ అంటే ఆకాశం, హేయ్ అంటే నలుపు, చివరి 'ల' అనే ముక్క మాత్రం ఇంతకుముందు ఇలా లేదు, ఇప్పుడు ఇలా అయింది అని చెప్తుంది. 'తా లావ్ ల' అంటే ఆయన ముసలివాడైపోయాడు. 'అవడం' అనే క్రియ ఎక్కడా లేదు చూడండి. మనకు చీకటి పడుతుంది, కోపం వస్తుంది, ముసలితనం మీద పడుతుంది, ఏదో ఒక క్రియ ఉండి తీరుతుంది. తెలుగు విద్యార్థికి ఇక్కడ క్రియ కావాలని తెలుసు, ఏ క్రియో తెలియదు, అంతే. చైనీస్ విద్యార్థికి క్రియ కావాలనే తోచదు, అందుకే 'ద స్కై ఈజ్ డార్క్' అని ఊరుకుంటాడు. మార్పు చెప్పి తీరాలని పట్టుబడితే 'బియెన్' అనే మాటను అనువదించి 'బికమ్' తెస్తాడు. 'ఐ బికేమ్ యాంగ్రీ' వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, కానీ నలుగురు కూర్చుని మాట్లాడుకునేచోట పాఠం అప్పజెప్తున్నట్టు ఉంటుంది.

దీనికి నేను వాడే తాళం చెవి 'యుఎ లై యుఎ'. రానురానూ, అంతకంతకూ అన్న అర్థంలో వాళ్ళు రోజూ వాడే మాట ఇది. 'థియెన్‌చి యుఎ లై యుఎ లంగ్' అంటే వాతావరణం రోజురోజుకీ చల్లబడుతోంది. దీన్ని దాదాపు ప్రతి ఒక్కరూ 'ద వెదర్ ఈజ్ మోర్ అండ్ మోర్ కోల్డ్' అంటారు. 'యుఎ లై యుఎ' అనిపించిన ప్రతిచోటా 'ఈజ్ గెటింగ్' పెట్టి, పక్కన కోల్డర్, బిగ్గర్, హార్డర్ లాంటిది పెట్టమనండి. ఇట్స్ గెటింగ్ కోల్డర్. మై జాబ్ ఈజ్ గెటింగ్ హార్డర్. రెంట్స్ ఆర్ గెటింగ్ హయ్యర్. ఆఫీసులో పనిచేసేవాళ్ళకు ఇలాంటి వాక్యాలు చెప్పాల్సిన అవసరం బోలెడు ఉంటుంది కాబట్టి త్వరగా అలవాటవుతుంది. ఇది కుదిరాక 'ల' ఉన్న వాక్యాలకు వెళ్ళండి: ఐ గాట్ టైర్డ్, షి గాట్ యాంగ్రీ, ఇట్ గాట్ లేట్. అయితే 'ల' కనిపించినప్పుడల్లా గెట్ పెట్టమని మాత్రం చెప్పకండి. 'వో అ ల' అంటే నాకు ఆకలేస్తోంది, దానికి ఇంగ్లీష్‌లో మామూలుగా 'ఐయామ్ హంగ్రీ' చాలు, ఆకలి మొదలవుతోంది అనాలనుకుంటేనే 'ఐయామ్ గెటింగ్ హంగ్రీ'.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చేయండి. ఈ అర్థంలో గెట్ తర్వాత విశేషణమే రావాలి, నామవాచకం రాకూడదు. డాక్టర్ అయ్యాడు అనబోయి 'హి గాట్ ఎ డాక్టర్' అంటే డాక్టర్ని పిలుచుకొచ్చాడు అని అర్థం. అక్కడ బికేమ్ ఉండాల్సిందే. పాలు విరిగితే, మనిషికి బట్టతల వస్తే, చూపు పోతే 'గో' వాడతారు, రంగు మారితే 'టర్న్'. అన్ని మార్పులనూ గెట్ మోయలేదని ముందే చెప్తే తర్వాత గొడవ ఉండదు.

గెట్‌కీ 'బీ'కీ తేడా చైనా స్కూళ్ళలో పరీక్ష పాయింటుగా గట్టిగా రుద్దుతారు, అయినా మాట్లాడేటప్పుడు ఆ తప్పు పోదు. 'జియెహున్ షి నియెన్ ల' అంటే పెళ్ళయి పదేళ్ళయింది. దాన్నుంచి వచ్చేది 'ఐ హావ్ గాట్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్'. పదేళ్ళ పాటు పెళ్ళి జరుగుతూనే ఉందన్నట్టు! గెట్ మ్యారీడ్ అంటే గడప దాటడం, బీ మ్యారీడ్ అంటే ఇంట్లో ఉండటం అని నేను చెప్తాను, గడప ఒక్కసారే దాటతాం కాబట్టి దానికి ఎంతకాలం అనే లెక్క ఉండదు. ఈ మాట చెప్పాక 'గెట్ టు నో' కూడా ఎత్తుకోండి, ఇది చాలామంది టీచర్ల కంటపడదు. చైనీస్‌లో 'రెన్‌షి' అనే ఒక్క మాటే పరిచయం అవడానికీ, తెలిసి ఉండటానికీ పనికొస్తుంది. అందుకే 'వి న్యూ ఈచ్ అదర్ ఇన్ యూనివర్సిటీ' అంటారు, వినేవాడేమో అప్పట్లో తెలుసు, ఇప్పుడు తెలియదు కాబోలు అనుకుంటాడు. వాళ్ళు చెప్పదలచుకున్నది యూనివర్సిటీలో పరిచయం అయ్యాం అని. గాట్ టు నో అనో, మెట్ అనో అనాలి. మనకు పరిచయం అయ్యాడు, తెలుసు అని విడివిడిగా రెండు మాటలు ఉన్నాయి కాబట్టి ఈ తప్పు మనకు విచిత్రంగా అనిపిస్తుంది. ఇక 'మ్యారీడ్ విత్' అనే తప్పులో మనమూ వాళ్ళూ తోడుదొంగలమే. మనం ఫలానా అమ్మాయితో పెళ్ళయింది అంటాం, వాళ్ళూ 'గెన్' అని తోడు చూపించే మాటే వాడతారు. గెట్ మ్యారీడ్ టు.

గెట్ తర్వాత వస్తువు వచ్చే వాడుక సులువనిపిస్తుంది, కానీ ఇందులో ఒక మెలిక ఉంది. చైనీస్‌లో ప్రయత్నం ఒక మాట, ఫలితం ఒక మాట. 'జావ్' అంటే వెతకడం, 'జావ్‌దావ్' అంటే వెతికితే దొరకడం. 'మై' అంటే కొనడం, 'మైదావ్' అంటే కొనగా చేతికి అందడం. వసంత పండుగ (చైనా కొత్త సంవత్సరం) ముందు ఊళ్ళకు వెళ్ళడానికి రైలు టికెట్ల కోసం అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు, దాన్ని టికెట్లు లాక్కోవడం అనే అర్థం వచ్చే మాటతో 'ఛియాంగ్ పియావ్' అంటారు, దొరికిందా అని అడగడానికి 'ఛియాంగ్‌దావ్ ల మా?'. ఈ ప్రశ్నకు సహజమైన ఇంగ్లీష్ 'డిడ్ యు గెట్ వన్?'. గెట్‌లో ఆ 'దావ్' ముందే ఇమిడి ఉంది, అంటే చేతికి అందినట్టే లెక్క. ఈ సంగతి తెలియక 'ఐ బాట్ ద టికెట్ బట్ ఐ కుడ్ నాట్ బై' అని చెప్పినవాళ్ళను విన్నాను. ఐ ట్రైడ్ టు గెట్ టికెట్స్, బట్ ఐ కుడింట్ గెట్ ఎనీ అనాలి.

మీ విద్యార్థులు కుర్రవాళ్ళైతే ఒక మంచి దారి ఉంది. చైనా ఇంటర్నెట్‌లో వాళ్ళు ఇంగ్లీష్ గెట్‌నే చైనీస్ వాక్యంలో పెట్టి వాడతారు: అర్థమైతే 'గెట్ దావ్ ల', అర్థం కాకపోతే 'గెట్ బు దావ్', కొత్త పని నేర్చుకుంటే కొత్త స్కిల్ గెట్ అయిందని. అంటే వాళ్ళకు ఈ మాట పరాయిది కాదు, తమ భాషలో అలవోకగా వాడుతూ ఇంగ్లీష్‌లోకి రాగానే మర్చిపోతున్నారు, అంతే. మొదటి క్లాసులోనే దాన్ని గుర్తుచేయండి. 'ఐ డోంట్ గెట్ ఇట్', 'యు డోంట్ గెట్ మై పాయింట్' అక్కడికక్కడే వచ్చేస్తాయి.

ఇంకో పోలిక నాకు చాలా ఇష్టం. పొందడం అనే అర్థంలో 'ద' అని పలికే అక్షరాన్నే 'దేయ్' అని పలికితే తప్పదు, చేయాలి అనే అర్థం వస్తుంది. 'వో దేయ్ జోవ్ ల' అంటే నేను వెళ్ళాలి. ఇంగ్లీష్‌లో కూడా గాట్ అంటే పొందడం, 'హావ్ గాట్ టు' అంటే తప్పదు. ఏ సంబంధమూ లేని రెండు భాషల్లో పొందడం అనే మాటే తప్పనిసరి అనే అర్థంలోకి జరిగింది. ఈ అక్షరాన్ని బోర్డు మీద రాసి చూపిస్తే విద్యార్థుల ముఖాలు వెలిగిపోతాయి, 'ఐ హావ్ గాట్ టు గో' ఆ తర్వాత ఎవరూ మర్చిపోరు. జబ్బు చేయడానికీ, బహుమతి రావడానికీ కూడా వాళ్ళు 'ద' వాడతారు కాబట్టి గెట్ ఎ కోల్డ్, గెట్ ఎ ప్రైజ్ దగ్గర మీరు కష్టపడక్కర్లేదు.

ఊరో, ఇల్లో వస్తే గెట్‌కి చేరడం అని అర్థం. ఇక్కడ మన తప్పూ వాళ్ళ తప్పూ ఎదురెదురుగా ఉంటాయి. మనకు ఇంటి'కి', ఊరి'కి' అని ప్రత్యయం ఉంది కాబట్టి అవసరం లేనిచోట కూడా టు తగిలించి 'గాట్ టు హోమ్' అంటాం. వాళ్ళ 'దావ్' (ఇక్కడ చేరడం అని అర్థం) తర్వాత ఏ విభక్తీ ఉండదు కాబట్టి 'అరైవ్డ్ బీజింగ్', 'గాట్ బీజింగ్' అంటారు. ఊరికి టు ఉండాలి, హోమ్, హియర్, దేర్ ముందు ఉండకూడదు, ఇంతకన్నా దీని గురించి చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు కష్టమైనది: ఒకరి చేత పని చేయించడం. దీనికి వాళ్ళ మాట 'రాంగ్'. ఇంగ్లీష్ రాంగ్ కాదు, చైనీస్ మాట. చేయనివ్వడం, చేయించడం, ఒప్పించి చేయించడం, బలవంతంగా చేయించడం, అన్నిటికీ ఇదొక్కటే. దీనికి ఎదురుగా పుస్తకంలో 'లెట్' అని ఉంటుంది. 'మై బాస్ లెట్ మి వర్క్ ఆన్ సండే' అని విద్యార్థి వాపోతాడు. వినేవాడికి మాత్రం బాస్ దయతలచి ఆదివారం పనిచేసుకోనిచ్చాడు అని వినిపిస్తుంది! ఇది చిన్న తప్పు కాదు, అర్థం తలకిందులవుతుంది, అందుకే దీని మీద ఒక క్లాసు మొత్తం ఖర్చుపెట్టండి. అవతలివాడు ముందే కోరుకున్నది ఒప్పుకుంటే లెట్, ఇష్టం లేకపోయినా చేయిస్తే మేక్, జీతం తీసుకునేవాడికి చెప్పి చేయిస్తే హావ్, అడిగి, నచ్చజెప్పి, తంటాలు పడి చేయిస్తే గెట్. గెట్‌కి మాత్రమే మధ్యలో టు వస్తుంది: ఐ గాట్ హిమ్ టు సైన్. అంత తేలిగ్గా ఒప్పుకోలేదన్న సంగతి ఆ వాక్యంలో ఉంటుంది. వాళ్ళ ఆఫీసు ఉదాహరణలే తీసుకుని, బాస్ చేయించాడా, బతిమాలి చేయించుకున్నారా అని ప్రతిసారీ అడగండి.

దీనికి పక్కనే ఉంది 'గెట్ మై హెయిర్ కట్'. చైనీస్‌లో 'వో ఛు జియెన్ తోవ్‌ఫా ల' అంటారు, మాటకు మాట పెడితే నేను వెళ్ళి జుట్టు కత్తిరించాను. కత్తిరించింది మంగలి అని వినేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అర్థం చేసుకుంటారు, వాక్యంలో దాని గుర్తేమీ ఉండదు. అందుకే 'ఐ కట్ మై హెయిర్', 'ఐ రిపేర్డ్ మై కార్' అంటారు, చేసింది వేరేవాళ్ళైనా సరే. తెలుగు టీచరుకు ఇక్కడ ఒక లాభం ఉంది. మనకు చేయడం వేరు, చేయించడం వేరు, చేయించుకోవడం ఇంకా వేరు. కారు బాగుచేయించాను అనకుండా బాగుచేశాను అంటే మెకానిక్ మనమే అవుతాం. ఈ తేడా మన చెవిలో ముందే ఉంది కాబట్టి విద్యార్థి తప్పు చెప్పగానే మీకు తెలిసిపోతుంది. వాళ్ళకు మాత్రం ఎవరు చేశారు అని ప్రతి వాక్యం దగ్గరా అడిగి అలవాటు చేయాలి. నువ్వే చేశావా? లేదా? అయితే ఐ గాట్ ఇట్ రిపేర్డ్.

దెబ్బ మన మీద పడితే వాళ్ళ మాట 'బేయ్'. గాట్ ఫైర్డ్, గాట్ కాట్, గాట్ రాబ్డ్. బేయ్ మొదట్నుంచీ ఎక్కువగా చెడు జరిగినప్పుడే వాడే మాట, గెట్‌తో చేసే ఈ వాక్యాలకు కూడా ఆ వాసన చాలావరకు ఉంది, కాబట్టి జత బాగా కుదురుతుంది. 2009లో చైనాలో 'ఆ ఏటి అక్షరం'గా, అంటే ఆ ఏడాదికి అద్దం పట్టే చైనీస్ లిపి అక్షరంగా, ఎంపికైంది ఈ బేయ్. ఉద్యోగం రాకుండానే వచ్చినట్టు కాలేజీలు లెక్కల్లో రాసేసుకోవడంతో విద్యార్థులు తమను 'బేయ్ జియోయె' చేశారని, అంటే మా ప్రమేయం లేకుండానే మమ్మల్ని ఉద్యోగస్థుల్ని చేసేశారని ఇంటర్నెట్‌లో మండిపడ్డారు. మన చేతిలో లేకుండా మనకు జరిగిపోయింది అనే ఆ భావమే గెట్‌లోనూ ఉందని చెప్తే వాళ్ళు పట్టుకుంటారు. మంచి జరిగినప్పుడు మాత్రం జాగ్రత్త. ప్రమోషన్ వస్తే వాళ్ళు బేయ్ లేకుండా 'వో షంగ్‌జి ల' అంటారు, అందుకని 'ఐ ప్రమోటెడ్ లాస్ట్ మంత్' అని వస్తుంది. గాట్ ప్రమోటెడ్, గాట్ ఇన్వైటెడ్, గాట్ పెయిడ్, ఈ మూడూ నోటికి వచ్చేదాకా చెప్పించండి.

గెట్ అప్, గెట్ ఇన్, గెట్ అవుట్ లాంటివి బోలెడు ఉన్నాయి, వాటన్నిటి జోలికి పోవద్దు. దిక్కు చూపించేవి వాళ్ళకు తేలిక, ఎందుకంటే లోపలికి రావడం 'జిన్‌లై', బయటికి పోవడం 'ఛూఛు' అని వాళ్ళ భాషలో దిక్కే క్రియ. నడిచా, పరిగెత్తా అన్నది అక్కర్లేనప్పుడు గెట్ పెట్టి పక్కన ఇన్, అవుట్ చేర్చమంటే సరిపోతుంది. బస్సు, కారు ఏదైనా వాళ్ళకు 'షాంగ్ ఛ', మనకు ఎక్కడం, అందుకని గెట్ ఆన్ ద బస్, గెట్ ఇన్ ద కార్ అన్న తేడా ఒక్కటి చెప్పండి. దిక్కుతో సంబంధం లేని గెట్ అలాంగ్, గెట్ ఓవర్, గెట్ బ్యాక్ టు యు లాంటివి సందర్భం వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోవాలి, దగ్గరిదారి లేదు.

ఆఫీసువాళ్ళకు తప్పనిసరిగా చెప్పాల్సింది 'గాట్ ఇట్'. వీచాట్ (చైనాలో మన వాట్సాప్ లాంటిది) గ్రూపులో బాస్ ఏదైనా పెట్టగానే కింద అందరూ 'షోవ్‌దావ్' అని వరసగా పెడతారు, అందింది అని. ఇంగ్లీష్ గ్రూపులో అదే అలవాటుతో 'రిసీవ్డ్' అని పెడతారు, అది పార్సిల్ అందినట్టు ఉంటుంది. సహోద్యోగికి 'గాట్ ఇట్', క్లయింటుకు 'నోటెడ్, థాంక్స్' అని చెప్పండి.

పరీక్షల గురించి కూడా అడుగుతారు. ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు గెట్ తగ్గించి అబ్‌టెయిన్, బికమ్, రిసీవ్ వాడటమే మంచిది, కాబట్టి వాళ్ళు నేర్చుకున్నది వృథా కాదు. మాట్లాడే భాగంలో మాత్రం గెట్ లేకపోతే సహజంగా ఉండదు. ఈ రెండూ వేర్వేరు అని చెప్పకపోతే, గెట్ వాడొద్దని ఎప్పుడో ఎవరో టీచరు చెప్పిన మాటే వాళ్ళ నాలుకను పట్టుకుంటుంది.

ఉచ్చారణ సంగతి: మాండరిన్‌లో, అంటే మనం ఇంతసేపూ చైనీస్ అన్న ప్రామాణిక భాషలో, అక్షరం చివర ట్, ప్, క్ రావు. అందుకే కొందరు 'గె' దగ్గరే ఆపేస్తారు, కొందరు చివర చిన్న అచ్చు చేర్చి 'గెత' అంటారు, మనం బస్‌ని బస్సు అన్నట్టే. దక్షిణ చైనాలోని క్వాంగ్‌తుంగ్ వైపు కాంటొనీస్ అనే ఇంకో చైనీస్ భాష మాట్లాడేవాళ్ళకు ఈ ఇబ్బంది తక్కువ, వాళ్ళ భాషలో చివర ట్ ఉంది. గెట్ ఒక్కదాన్నే పలికించకండి, పక్క మాటతో కలిపి గెటప్, గెటిట్, గెటిన్ అని పలికించండి. ట్ తర్వాత అచ్చు వచ్చేసరికి నోరు తిరుగుతుంది, అమెరికన్లు అన్నప్పుడు 'గెడిట్' లాగా వినిపించేది కూడా ఇదేనని తెలుస్తుంది.

చివరగా మీరు అడిగిన 'గాట్', 'గాటెన్' గొడవ. బ్రిటిష్‌వాళ్ళు రెండిటికీ గాట్ అంటారు. అమెరికన్లకు 'ఐ హావ్ గాట్ ఎ కార్' అంటే నా దగ్గర కారు ఉంది, 'ఐ హావ్ గాటెన్ ఎ కార్' అంటే కారు సంపాదించాను, 'ఇట్ హాజ్ గాటెన్ కోల్డ్' అంటే చలి పెరిగింది. క్రియ రూపం మార్చే అలవాటే లేని భాష నుంచి వచ్చినవాళ్ళను మొదట్లోనే ఈ రెండిటితో తికమక పెట్టకండి. వాళ్ళ కంపెనీ అమెరికావాళ్ళతో పనిచేస్తుంటే గాటెన్ కూడా చెప్పండి, లేకపోతే గాట్‌తో సరిపెట్టండి.